కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా?

కువైట్‌లో తెల్లకోటు కనిపిస్తే మావాళ్ల నోట ముందుగా వచ్చే మాట 'లేదు'. ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, ఇఖామా, కోసం మెడికల్‌కి వెళ్లే రోజే పాతవాళ్లు నేర్పేస్తారు. దగ్గుందా? లేదు. ఇంట్లో జబ్బులున్నాయా? లేవు. ఉందన్నావంటే విమానం ఎక్కించేస్తారని భయం. ఏళ్ల తరబడి అలా చెప్పీ చెప్పీ, అది అబద్ధమన్న సంగతే మరిచిపోయాను.

అన్నయ్య రుమైథియాలో ఒక ఇంటి డ్రైవరు. పెద్దపేగులో గడ్డ ఉందని తేలేసరికే అది కాలేయానికి పాకింది. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, మంచివాడు కాబట్టి మంగఫ్‌లో నా గదిలో ఉండనిచ్చాడు. ఆసుపత్రికి తోడు నేనే వెళ్లేవాణ్ణి. డాక్టరు మన దేశంవాడే. గడ్డలోంచి తీసిన ముక్కను జన్యుపరీక్షకు పంపుతున్నామనీ, ఏ మందు పనిచేస్తుందో, జబ్బు ఎంత దూకుడుగా ఉంటుందో దాన్నిబట్టి కొంత తెలుస్తుందనీ హిందీలో నెమ్మదిగా చెప్పాడు. ఆ తర్వాత, కుటుంబంలో ఇంకెవరికైనా క్యాన్సర్ వచ్చిందా అని అడిగాడు.

"నో సార్," అన్నాడు అన్నయ్య, ఠక్కున.

నేను ఫైలు పట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాను. మా నాన్న నలభై నాలుగేళ్లకే, రక్తం పడీ పడీ, ఎముకల గూడై చనిపోయాడు. మొలలనుకున్నారు అందరూ. మేనత్త గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను. "నాన్న సంగతి చెప్పొద్దా అన్నయ్యా?"

"నోర్ముయ్యరా. వంశంలోనే ఉందని రాసేత్తే రేపు నీ ఇఖామా ఏమవుద్ది? నా పనెలాగూ ఖలాస్. నువ్వుండాలి కదా ఇక్కడ."

నాకోసం ఆడిన అబద్ధమని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. సిగ్గు కన్నా భయం ఎక్కువేసింది. ఎందుకంటే రెండు నెలలుగా నాకూ దొడ్డికి వెళ్తే రక్తం పడుతోంది. మెస్ కూరల్లో కారం వల్లేనని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. అన్నయ్యకు చెప్పలేదు.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. డాక్టరు రెండుసార్లు చదివాడు. గడ్డలో ఉన్న ఒక మార్పు వల్ల ఒక రకం మందు అన్నయ్యకు పనిచేయదన్నాడు. ఇంకో సంగతి, కణాల్లో పొరపాట్లు దిద్దే జన్యువు దెబ్బతిందట. అలాంటి గడ్డలకు కొత్త మందు ఒకటి వచ్చింది, ప్రయత్నిద్దామన్నాడు. "కానీ ఇది కుటుంబంలో పుట్టుకతో వచ్చేది కావచ్చు. మళ్లీ అడుగుతున్నాను. నిజంగా ఎవరూ లేరా?"

"నో సార్," అన్నాడు అన్నయ్య మళ్లీ.

నేను చెప్పేశాను. నాన్న, మేనత్త, వాళ్ల వయసులు, అన్నీ. ఇఖామా ఊడిపోయినా పోనీ అనుకున్నాను. అన్నయ్య నా వైపు కొరకొరా చూశాడు.

డాక్టరు ఏమీ రాసుకోలేదు. కలం పక్కన పెట్టి, అన్నయ్యను వదిలి నన్ను చూశాడు. "నీకేమైనా ఇబ్బంది ఉందా? విరేచనంలో రక్తం?"

"నో సార్," అన్నాను.

అచ్చం అన్నయ్య గొంతే, అదే ఠక్కున. అన్నయ్య మొహంలో కోపం పోయింది. తన ఒళ్లో ఉన్న ఫైలు తీసి బల్లమీద డాక్టరు ముందుకు నెట్టాడు.

"అబద్ధం చెబుతున్నాడు సార్," అన్నాడు. "ముందు వీడికి చూడండి."