మగ్గం గుంతలో మలేరియా

మా చిన్నతనంలో ఒళ్లు కాలితేనే జ్వరం, కాలకపోతే మనిషి గట్టిదని అర్థం. ఆ లెక్కన ధర్మవరంలో మా బడి మొత్తానికి గట్టిదాన్ని నేనే. డెబ్బై ఎనిమిదిలో, ఎనిమిదో తరగతిలో, జూన్ నుంచి దసరా దాకా నాకు ఒక్క నాగా లేదు (హాజరు రోజూ నేనే సరిచూసుకునేదాన్ని). నా పక్కన కూర్చునే దర్జీ కూతురు ఎప్పుడూ బల్లమీద వాలిపోయే ఉండేది. దాన్ని 'నీరసం' అని పిలిచేవాళ్లం. అందుకే మలేరియా పరీక్షలకని బడికొచ్చిన మలేరియా ఆయన అందరి వేళ్లూ గుచ్చి, అద్దం ముక్కల మీద రక్తం పట్టుకుపోయి, వారానికి తిరిగొచ్చి రోగం ఉన్నవాళ్లలో నా పేరు చదివితే నేను ఒప్పుకోలేదు. "అది నీరసానిది సార్, మళ్లీ చూడండి" అన్నాను. నీరసం మొదటిసారి నిటారుగా లేచి నిలబడి నవ్వింది.

డ్రిల్ టీచరమ్మ మాత్రం నవ్వలేదు. ఖోఖో జట్టుకు కెప్టెన్‌ని నేను, కళ్యాణదుర్గంలో పోటీలకు సరిగ్గా నెల ఉంది. "మాత్రలు మింగు. పోయేముందు మళ్లా రక్తం చూస్తారు. అప్పుడూ ఉంటే నువ్వు ఈడనే" అంది. మాత్రలు మింగాను, చేదుకు మొహం కూడా చిట్లించలేదు (కెప్టెన్‌ని కదా). కానీ ఇంట్లో డీడీటీ కొట్టకపోతే దోమ మళ్లీ కుట్టి, మళ్లీ వస్తుందని మలేరియా ఆయన మా గడప దగ్గరికొచ్చి చెప్పాడు. మగ్గం మీది పట్టుకు మరకలు పడతాయని, మందు కొట్టేవాళ్లను మా అవ్వ ఏనాడూ లోపలికి రానివ్వలేదు.

"ఏమప్పా, బిడ్డకు జరం లేదు, సలి లేదు, రెండు ముద్దలు ఎక్కువే తింటాంది. దీనికేం రోగం?"

"జరం రాకుండానే రక్తంలో ఉండాది అవ్వా."

"రానిదాన్ని నువ్వు యాడ చూసినావు?" అని తలుపు మూసింది.

ఆ సాయంత్రం మగ్గం గుంతలో నాయన పక్కన కాళ్లు వేలాడేసుకుని, దోమల్ని కొట్టుకుంటూ ఆలోచించాను. ఆ జాబితాలో నాతోబాటు పేర్లు వచ్చిన వాళ్లంతా మగ్గాల ఇళ్లవాళ్లే. దాచుకోవడానికి పట్టు లేని నీరసం ఇంట్లో గోడలనిండా తెల్లగా మందు ఉంది.

"నాయనా, ఈ పడుగు అయిపోయి కొత్తది ఎక్కించేలోపల మగ్గం మీద ఏముంటాది?"

"ఏముంటాది, గాలి."

"ఆ పొద్దు మందు కొట్టిద్దాం."

నాయన నేత ఆపి, గడపలో కూర్చున్న అవ్వ వైపు చూశాడు. అవ్వ వక్క బుగ్గనేసుకుని, "గాలికి మరకలు పడవులే" అంది.

చీర కోసి దించిన రోజునే మందు కొట్టేవాళ్లు వచ్చారు. అవ్వ వాళ్ల వెనకాలే తిరిగింది. "ఆ మూల ఇడిసిపెడితివే! గుంతలో కొట్టప్పా, బిడ్డ ఆటకు పోవాల!" మా తర్వాత వీధిలో ఒక్కో ఇల్లూ పడుగు అయిపోయిన రోజు చూసుకుని తలుపు తీసింది.

రెండోసారి నా రక్తంలో ఏమీ లేదు. కళ్యాణదుర్గంలో ఆఖరాటలో మాకు పదకొండు పాయింట్లు, అవతలి జట్టుకు ఏడు. కప్పు నేనే మోసుకొచ్చాను. చప్పట్లు కొట్టి కొట్టి మర్నాడు నీరసం పడకేసింది (అది మామూలు జ్వరమే, నేను అడిగి తెలుసుకున్నాను).

ఇప్పటికీ ఆరోగ్య కార్యకర్త పిల్ల వచ్చి "జరమేమన్నా ఉండాదా అవ్వా?" అంటే, "లేదు, అందుకే చూడు" అని వేలు చాపుతాను. సూది బయటికి తీయగానే నా కళ్లు వాటంతటవే మూతపడతాయి. జ్వరం వల్ల కాదని ఆ పిల్లకు ప్రతిసారీ చెప్పాల్సి వస్తోంది.