ఆనందబాబు గారి రాళ్ళ పంట

"అమ్మేసిన పొలంలో రాళ్ళేరడమేంటి నాన్నా? చూసినోళ్ళు నవ్వుతున్నారు!"

"నవ్వనీరా. వాళ్ళ నోళ్ళు నేనేమన్నా అద్దెకి తీసుకున్నానా?"

"ఇది ఇప్పుడు మనది కాదు. బిల్డర్ది!"

"పొలం అమ్మావు, సరే. నా నడుం అమ్మలేదుగా!"

ఈ మంచు దేశంలో, మిల్టన్ ఊరి చివర, నిరుటి మొక్కజొన్న మోళ్ళ మధ్య తండ్రీకొడుకులు ఇలా అరుచుకుంటుంటే నేను కంచె ఇవతల పికప్ ట్రక్కుకి ఆనుకుని వింటున్నాను. కొడుకు కాలేబు అంకుల్‌కి యాభై దాటాయి. తండ్రి ఆనందబాబు గారికి ఎనభై. ఆయనకి ఉన్నది ఒకటే పిచ్చి: నేల మీద రాయి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

సొంత నేలా, పరాయి నేలా అని లేదు. చర్చి ముందు ఏరతారు. హాస్పిటల్ పార్కింగులో ఏరతారు. ఎటోబికోలో మేనకోడలి పెళ్ళి ఆల్బం నేను చూశాను. అందులో అందరి మొహాలూ ఉన్నాయి, ఈయనది మాత్రం వీపు ఉంది.

వాళ్ళ వంశచరిత్ర కూడా రాళ్ళతోనే మొదలవుతుంది. ఆనందబాబు గారు రేపల్లె దగ్గర నుంచి వచ్చి, ఎయిర్‌పోర్ట్ పక్కన ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు పనిచేసి, ఇక్కడివాళ్ళు ఎవరూ ముట్టుకోని రాళ్ళ నేల కొన్నారు. ఆయన భార్య సలోమి గారు చంకలో బిడ్డతో విత్తనాలు చల్లారు. ఆ బిడ్డే కాలేబు అంకుల్. ఆ చేలోనే నడక నేర్చుకుని, ఆ చేలోనే జుట్టు నెరిపించుకున్నాడు. మనవరాలు టీనా మొన్న మొన్నటిదాకా కోత మిషన్ నడిపింది. ఈలోగా చుట్టూ ఇళ్ళు లేచాయి, కాలేబు అంకుల్ మోకాళ్ళు కూలబడ్డాయి. కూతురి పేరున ఇంకో చేను కొందామని వెతికితే, ఇక్కడ సెంటు భూమి కూడా రైతుకి అందే ధరలో లేదు. టీనా ఉద్యోగంలో చేరింది. సలోమి గారు ఇదంతా చూడకుండానే వెళ్ళిపోయారు.

నెలాఖరుకి వీళ్ళు స్కార్‌బరోలో అపార్ట్‌మెంటుకి మారిపోతున్నారు. పద్నాలుగో అంతస్తు. అక్కడ పెద్దాయనకి రాయి కాదు కదా, మట్టి కూడా దొరకదు. చేను అంచున యాభై ఏళ్ళుగా పేర్చిన రాళ్ళ గోడ ఉంది. బిల్డర్ దాన్ని విప్పి, కాలనీ పేరున్న బోర్డు కింద అందానికి పేరుస్తాడట. నాకు మండిపోయింది. పెద్దాయన మాత్రం, "మంచి రాళ్ళే, నిలబడతాయి" అన్నారు.

నాకీయనతో పరిచయం కూడా రాళ్ళ వల్లే. నిరుడు ఏప్రిల్లో మా పక్కింటి బాలత్రిపురసుందరి ఆంటీ తెల్లారగట్ల పెరటి తలుపు తీసేసరికి, ఆవిడ గోంగూర మడిలో రబ్బరు బూట్లు వేసుకుని ఎవరో ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆంటీ అరిచిన అరుపుకి మా అమ్మ చేతిలో కాఫీ ఒలికింది. పోలీసులు వచ్చారు. ఇంగ్లీషులో మాట్లాడడానికి నన్ను ముందుకి తోశారు.

"ఏం దొంగిలించాడు?" అన్నాడు పోలీసు.

"రాళ్ళు" అన్నాను.

అతను బకెట్‌లోకి చూశాడు. నిండా రాళ్ళే. ఆంటీ వైపు తిరిగి, చాలా మర్యాదగా, "మేడమ్, మీ రాళ్ళు మీకు తిరిగి కావాలా?" అన్నాడు.

"నాకెందుకయ్యా! కానీ అడగాలి కదా!"

"అడిగితే వద్దంటారు కదమ్మా" అన్నారు ఆనందబాబు గారు.

పోలీసు నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆంటీ తిడుతూనే కాఫీ ఇచ్చింది. ఈ ఏప్రిల్లో పెరటి గేటుకి తాళం వెయ్యడం 'మరిచిపోయింది'. నేను కాలేజీ మానేసినవాణ్ణి, పొద్దున్నే చెయ్యడానికి పనేం లేదు. అందుకని ఆయన ట్రక్కు నేనే నడుపుతున్నాను. వెనక బకెట్లు మోగుతుంటాయి. కొత్తగా కట్టిన ఇళ్ళ పెరళ్ళన్నీ తిరుగుతాం.

ఆ రోజు కాలేబు అంకుల్ విసుక్కుని వెళ్ళిపోయాక నేను సూటిగా అడిగేశాను. "తాతగారూ, మీ పొలం పోయింది. ఊళ్ళోవాళ్ళ పెరళ్ళు మీవి కావు. ఎందుకీ పిచ్చి?"

ఆయన ట్రక్కు వెనక చెక్క మీద కూర్చున్నారు. "మా రేపల్లె నల్లమట్టిలో రాయి కావాలంటే బండి కట్టుకుని పోవాలబ్బాయ్. ఇక్కడ కొన్న ఏడాది, మంచు పడేలోపు, సలోమీ నేనూ చేనంతా ఏరేశాం. నున్నగా అద్దంలా చేశాం. మంచు కరిగాక చూస్తే ఏముంది? చేనంతా మళ్ళీ రాళ్ళే! పక్కపొలం డంకన్ మనుషులు వేశారనుకున్నా. మమ్మల్ని ఇక్కణ్ణుంచి తరమడానికని. సలోమి వారం రోజులు బయటికి రాలేదు. తిరిగి వెళ్ళిపోదామని ఒకటే ఏడుపు."

"మరి?"

"కర్ర పట్టుకుని డంకన్ ఇంటికి పోయా. ఆయన కర్ర వంక చూడలేదు, నన్ను తన చేలోకి తీసుకెళ్ళాడు. అక్కడా రాళ్ళే! చలికి నేల గడ్డకట్టి ఉబ్బుతుందట, అడుగు రాళ్ళని ఏటా పైకి నెడుతుందట. మర్నాడు డంకన్ వాళ్ళందరూ వచ్చి మా చేలో ఏరారు. ఒక్కరు కూడా నా కర్ర ఊసెత్తలేదు."

నేను కంచె అవతల చేను వంక చూశాను.

"కొత్తగా వచ్చినవాడికి పెరట్లో రాయి కనపడితే," అన్నారాయన, "ఎవరో వేశారనుకుంటాడు. అనుకోకముందే తీసేస్తే పోయె. ఎవరూ వెయ్యలేదని చెప్తే సిగ్గుపడతారు. ఏరితే పిచ్చోడనుకుంటారు. అదే నయం."

లేచి ప్యాంటు దులుపుకున్నారు. బకెట్ నా చేతికిచ్చారు.

"ఒరే బన్నీ, ఈ చేలో ఇళ్ళు లేస్తాయి. ఏ దేశాల వాళ్ళో వస్తారు, వెనకాల చిన్న మడి తవ్వుకుంటారు. నువ్వు ఒకచోట ఉండే రకం కాదని నాకు తెలుసు. తిరుగు, ఎక్కడికన్నా పో. ఏప్రిల్లో మాత్రం ఓ వారం వచ్చి, వాళ్ళు నిద్ర లేవకముందే ఏరెయ్యి."

"పట్టుకుంటే?"

"కంగారుపడకు. పోలీసుకి బకెట్ చూపించు."