కుంకుమ పెట్టిన డిస్కులు

తొంభై తొమ్మిదిలో అశోక్‌నగర్‌లో ఒక గ్రూప్స్ కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ల గదికి నేను అసిస్టెంటుని. నా పైన ఒక సిస్టమ్ ఇంజినీరు. నారాయణగూడలో మూడు నెలల కోర్సు చేసి, మెడలో ఐడీ కార్డుతో చిక్కడపల్లి దాకా చాయ్‌కి ఊరేగేవాడు. వాడంటే నాకు ఒళ్లు మంట. ఇప్పటికీ తగ్గలేదు.

సర్వర్‌లో లినక్స్. రెండు హార్డ్‌డిస్కులు కలిపి ఒకే పెద్ద డిస్కులా చేశాడు ఆ మహానుభావుడు. రెయిడ్ అంటారు దాన్ని. మిషన్ లేవగానే అదీ దానంతటదే లేవాలి. లేచేది కాదు. ఓనరుగారు రోజూ సాయంత్రం మెయిన్ ఆపేసి వెళ్తారు కనుక, రోజూ పొద్దున వీడొచ్చి కమాండ్ కొడితేగానీ ఫైళ్లు కనబడవు. ఆ కాసేపు అందరూ చేతులు కట్టుకుని నిలబడితే వాడికి పెళ్లికొడుకంత సంబరం.

"అన్నా, ఏ డిస్కు ముందో ఏది వెనకో డిస్కుల మీదనే రాసుకునే సెట్టింగున్నది. అది పెడితే బూట్‌లనే లేస్తది, కేబుళ్లు మారినా గుర్తుపడ్తది," అన్నాను ఒకసారి.

"నువ్వు జర ప్రింటర్ల కాయితం చూస్కో."

చూసుకున్నాను. మళ్లీ నోరు విప్పలేదు.

ఆ డిస్కుల్లో ఉన్నది ఒక అక్క ఎనిమిది నెలల పని. పాలమూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. ప్రశ్నల బ్యాంకు మొత్తం టైపు చేసిస్తే కొత్త బ్యాచ్‌లో ఫ్రీగా సీటిస్తామన్నారు. ఇంకో కాపీ ఉంచమని అక్క అడిగితే, "రెండు డిస్కులున్నయ్ గదా, భయమేంది," అన్నాడు ఇంజినీరు. ప్రతి ఫైలూ సగం ఇందులో, సగం అందులో ఉంటుందని కూడా తెలియని దద్దమ్మ.

దసరాకి ఆయుధపూజ. వాడు ఆ రెండు డిస్కులూ ఊడదీసి, తుడిచి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తిరిగి బిగించాడు. కేబుళ్లు తారుమారు చేశాడు, ముందు డిస్కు వెనకైంది. నేను చూశాను. పండగయ్యాక అందరి ముందూ నీళ్లు నములుతాడు, అప్పుడు నేను కేబుళ్లు మార్చి చూపిస్తా అనుకున్నాను.

పండగయ్యాక మిషన్ ఆ డిస్కుల మీద ఫైల్ సిస్టమే, అంటే ఫైళ్ల అమరికే, లేదంది. వాడు నీళ్లు నమలలేదు. లేదంటే పెట్టాలి గదా అని ఫార్మాట్ కొట్టేశాడు. వాణ్ని ఎంత తక్కువ చేసి చూసినా ఎక్కువే లెక్కేశాను.

 అక్క కుర్చీ లాక్కుని, టైపు చేసిన ప్రశ్నల పుస్తకం మళ్లీ మొదటి పేజీ తెరిచింది.

"ఎట్ల పోయింది తమ్మీ? నీకేమన్న ఎర్కనా?"

"తెల్వదక్కా," అన్నాను.