ఇద్దరిలో ఒకరికే మందు

టెక్కలిలో రక్తం పరీక్ష చేసినవాడు ఫలితం చెప్పడానికి మమ్మల్ని లోపలికి పిలవలేదు. గుమ్మంలో నిలబడి, "మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ ఎయిడ్సే. ఇంకిక్కడికి రాకండి" అని అరిచాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు దగ్గరికి లాక్కున్నారు.

బావ పలాస నుంచి జీడిపప్పు లోడు తీసుకెళ్ళే లారీ డ్రైవరు. నేను అతని మేనమామ కూతుర్ని. మా ఉద్దానం పల్లెలు దాటి ఎరగను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం ఇంకా మొదలవలేదు. కొనుక్కోవడం మా వల్ల కాదు.

ఎవరో చెబితే విశాఖలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కూర్చోబెట్టి మాట్లాడింది. రెండు రకాల మందులున్నాయట, రెండూ పనిచేసేవేనట, ఏది మేలో మాత్రం తేలలేదట. ఎవరికి ఏది ఇవ్వాలో చీటీ తీసినట్టు తేలుస్తారు. మందులు ఉచితమే, కాని నెలనెలా వెళ్ళి రక్తం ఇవ్వాలి. ఒంటికి పడకపోవచ్చు కూడా. వద్దనుకుంటే ఎప్పుడైనా మానేయవచ్చు.

"అంటే మామీద పెయోగం సేత్తారా అమ్మా?" అన్నాడు బావ.

"ప్రయోగమే, ట్రయల్ అంటాం," అంది ఆవిడ దాచకుండా. "అందుకే ఆలోచించుకుని రమ్మంటున్నాను."

తిరుగు రైల్లో బావ ఒకటే మాట. "సేరిపోదామే. పోతే ఇద్దరం పోతాం, ఉంటే ఇద్దరం ఉంటాం." నాకు చాలా భయంగా ఉంది. కాని ఆ 'ఇద్దరం' అన్న మాట బాగుంది. సరేనన్నాను.

రెండోసారి వెళ్ళినప్పుడు అన్ని పరీక్షలూ చేశారు. బావ కిడ్నీలు పాడైపోయాయి. మా వైపు ఇంటికొకరు ఆ జబ్బుతోనే పోతున్నారు, ఎందుకో ఎవరికీ తెలియదు. ట్రయల్ మందులు వాడితే అతను ఇంకా త్వరగా పోతాడంది డాక్టరమ్మ. కిడ్నీ డాక్టరు దగ్గరికి పంపుతానంది. "మీ ఆవిణ్ణి మాత్రం తీసుకోగలం" అంది.

స్టేషన్లో బావ వేరుశనక్కాయలు కొన్నాడు. ఒలుచుకుంటూ, నవ్వుతూ అన్నాడు, "నువ్వూ సేరకు."

"ఏటి బావా?"

"నానెల్లిపోయేక బతికుండి ఏటి సేత్తావు? ఇంకొకణ్ణి తెచ్చుకుంటావా?"

ఇంటి దగ్గర మా అత్త అంతకంటే తేటగా చెప్పింది. ఆవిడ నా సొంత మేనత్త, చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. అప్పటికే నా కంచం దొడ్లోకి మార్చింది. కొడుకు కంచం మాత్రం తనే కడిగేది. "నా కొడుక్కి లేని మందు నీకెందుకే? పసుపు కుంకాల్తో ఎల్లిపోడానికి రాసిపెట్టి ఉండాల. నువ్వే ముందెల్లిపో."

మా నాన్నను అడిగాను. "అల్లుడొద్దన్నాక నానేటి సెప్తానమ్మా" అని తలొంచుకున్నాడు.

ఎటూ తేల్చుకోలేకపోయాను. ఒక సాయంత్రం బావకు కాళ్ళు పొంగితే కాపడం పెడుతూ అడిగాను. "బావా, డాక్టరమ్మ నన్నొద్దని నిన్నొక్కణ్ణే రమ్మంటే ఎల్దువా?"

"ఎల్లకేటి మరి?" అన్నాడు, ఇదొక ప్రశ్నా అన్నట్టు. "మగోణ్ణి. బతకాల కదా."

కాపడం పూర్తి చేశాను. మర్నాడు ఒక్కదాన్నే రైలెక్కి వెళ్ళి సంతకం పెట్టాను.

నేను తిరిగి వచ్చేసరికి మా రోగం సంగతి ఊరంతా తెలిసిపోయింది. రోగం నేనే పుట్టింటి నుంచి తెచ్చానని బావ చెప్పాడట. ఊరు దాటని ఆడది ఎలా తెచ్చిందని ఒక్కరూ అడగలేదు. బోరింగు దగ్గర నా బిందె ఎవరో కాలితో దొర్లించారు.

మొదట్లో మందు పడక వాంతులయ్యేవి. నేను దొడ్లో కక్కుతుంటే అత్త పక్కింటివాళ్ళను పిలిచి చూపించేది. కొన్నాళ్ళకు వాంతులు తగ్గి ఆకలి మొదలైంది. నేను అన్నం కలుపుకుంటుంటే బావ మంచం మీంచి నా ముద్ద వైపు చూసేవాడు. అతనికి ఉప్పులేని గంజి నేనే కాసి తాగించేదాన్ని. ఒకరోజు గంజి వద్దని చెయ్యి చాచాడు.

"ఒక్క మాత్ర ఇయ్యే."

"అది నీకు ఇసం బావా."

"నీకు పానం, నాకు ఇసమా?" అని గోడవైపు తిరిగిపోయాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. వానలు మొదలవకముందే పోయాడు.

శవం లేవకముందే అత్త నా జుట్టు పట్టుకుంది. "మాత్రలు మింగినావు, నా కొడుకునీ మింగినావు!" ఎవరూ విడిపించలేదు. నాన్న కూడా అక్కడే ఉన్నాడు.

ట్రయల్ ముగిసేసరికి ప్రభుత్వ మందులు వచ్చాయి. పలాసలో గది అద్దెకు తీసుకుని జీడిపప్పు బట్టీలో పనికి చేరాను. అత్త ఇంకా బతికే ఉంది. బజారులో ఎదురైతే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. నేను పక్కకు తప్పుకోను.