పడమటి రెండు గంటల దగ్గర ఒక కుదుపు

పదవీ విరమణకు ఇంకా ఆరేళ్లు ఉన్నాయనగా, ఒక జూన్ నెల మొదటి సోమవారం, తమిళనాడులో విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి వెళ్లే దారిలో ఒక కళాశాల నడుపుతున్న చిన్న పరిశోధనా వేధశాలలో పరికరాల అధికారిగా చేరాను. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో కొలత పరికరాలు బాగుచేసేవాణ్ణి. తమిళం కలిసిన మా ఇంటి తెలుగు విని అక్కడి సహోద్యోగులు నవ్వేవారు. ఆ నవ్వు భరించలేకే తెలుగు చదవడం, రాయడం పట్టుదలగా నేర్చుకున్నాను. పరికరాల అధికారి అంటే పెద్ద హోదాలా వినిపిస్తుంది గానీ, నా కింద ఉన్నది ఒకే ఒక్క మెకానిక్. నా పైన ప్రిన్సిపాల్, ఆయన పైన నిర్వాహక కమిటీ.

మా టెలిస్కోపు అద్దం వెడల్పు నలభై సెంటీమీటర్లు. పెద్ద వేధశాలల ముందు అది లెక్కలోకి రాదు. అయితే ఒకే నక్షత్రాన్ని వారాల తరబడి వెంటాడి దాని వెలుగులోని హెచ్చుతగ్గులు కొలవడానికి అంత చాలు. పెద్ద వేధశాలల్లో ఒకే నక్షత్రానికి అన్ని రోజులు ఎవరూ ఇవ్వరు. ఆ పని మా దగ్గర డాక్టర్ వసంతి చేసేది. భౌతికశాస్త్రం అధ్యాపకురాలు, మితభాషి, తన కొలతల్లో ఒక చుక్క పక్కకు జరిగినా నిద్రపోని మనిషి.

నక్షత్రాన్ని వెంటాడే పని ధ్రువాక్షానిది. భూమి తిరిగే అక్షానికి సమాంతరంగా నిలిపిన ఇరుసు అది. భూమి తూర్పుకు తిరిగినంత వేగంతోనే ఆ ఇరుసు టెలిస్కోపును పడమటికి తిప్పుతుంది. తిప్పేది వర్మ్ గేరు, అంటే మరలాంటి చిన్న కడ్డీ, దానితో కలిసి తిరిగే పెద్ద పళ్ల చక్రం. ఎంత తిరిగిందో చెప్పేది ఎన్‌కోడర్. ఇరుసు చుట్టూ ఉన్న డ్రమ్ముకు అంటించిన ఉక్కు టేపు, దాని మీద కంటికి ఆనని సన్నగీతలు, వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే చిన్న రీడింగ్ హెడ్. ఆ లెక్కను బట్టే మోటారు తన వేగం సరిచేసుకుంటుంది. వీటికి తోడుగా నక్షత్రాన్నే చూస్తూ గురి సరిచేయాల్సిన గైడ్ కెమెరా ఆ సంవత్సరం మరమ్మతుకు పోయి ఉంది. కాబట్టి భారమంతా ఎన్‌కోడర్ మీదే పడింది.

మెకానిక్ పేరు పెరుమాళ్సామి. కోవిల్‌పట్టి పక్క పల్లెవాడు, నూలు మిల్లులో ఫిట్టరుగా పనిచేసి, మిల్లు మూతపడ్డాక మా దగ్గర చేరాడు. ఏడాదికొకసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. యాభై దాటినవాడు. ఇంట్లో తెలుగు, బయట తమిళం, నాలాగే. బేరింగు మీద చెయ్యి వేసి అందులో ఏముందో చెప్పేవాడు. ఆ చేతిని నేను మొదటి నెలలోనే నమ్మాను.

ఆయుధపూజకు వారం ముందు వర్మ్ గేరుకు పాత గ్రీజు తీసి కొత్తది పెట్టమన్నాను, పెట్టాడు. పూజ బాగా జరిగింది. మా వైపు ఆ రోజు సైకిలు పంపు నుంచి బస్సు దాకా బొట్టు లేని యంత్రం ఉండదు. పూజ అయిన మూడో రోజు డాక్టర్ వసంతి ఒక గ్రాఫు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నున్నగా సాగాల్సిన వెలుగు గీతలో ఒకచోట గుంట. నక్షత్రం నిజంగా మసకబారలేదు. టెలిస్కోపు చిన్న కుదుపు ఇచ్చి, నక్షత్రం బొమ్మను కెమెరాలో నాలుగైదు పిక్సెల్ గళ్లు పక్కకు నెట్టింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది. ప్రిన్సిపాల్ ఆ సాయంత్రానికే ప్రాథమిక నివేదిక కావాలన్నారు. నేను ఏమీ కొలవకుండానే అరపేజీ రాసి సంతకం పెట్టాను. "గ్రీజు మార్పు తర్వాతే లోపం కనిపించింది. గేరు బిగింపు చెదిరి ఉండవచ్చు" అన్నది అందులో ఒక వాక్యం. ఉండవచ్చు అన్న మాట నాకు రక్షణ అనుకున్నాను. కమిటీ ఆ మాటను చదవలేదు. నెలాఖరుకు ముగిసే పెరుమాళ్సామి కాంట్రాక్టు పొడిగించకుండా, నిర్వహణ పని బయటి సంస్థకు అప్పగించాలని వారంలోపే నిర్ణయించింది.

ఆ సంగతి తెలిసిన ఉదయం పెరుమాళ్సామి నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"గ్రీసు దా సార్ మార్చితిని. బిగింపు బోల్టు ముట్టనే లేదు," అన్నాడు. మా వైపు తెలుగులో 'దా' అంటే నొక్కి చెప్పే 'నే'. "మీరు రాసినారంట కదా. మీరు రాస్తే అది సరిగా దా ఉంటాది అని అందరూ అంటాండారు."

నేను కుర్చీ చూపించాను. గుమ్మంలోంచే, "ఈ వయసులో నన్ను ఏ మిల్లులో తీసుకుంటారు సార్? ఇంట్లో ఆమెకు ఇంకా చెప్పలేదు," అని వెళ్లిపోయాడు. అతను కోప్పడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

వెంటనే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి, నా నివేదికకు ఆధారం లేదని, పది రోజులు గడువిస్తే అసలు కారణం చూపిస్తానని చెప్పాను. ఆయన మంచివాడే, కాకపోతే కాగితం కదిలిందంటే ఆపడం ఇష్టంలేని మనిషి. పది రోజుల్లో చూపించలేకపోతే ఏం చేస్తారని తమిళంలో అడిగారు. ఆ మాట అప్పుడు మాట్లాడదాం అన్నాను. నెలాఖరుకు పన్నెండు రోజులున్నాయి. ఐప్పసి వానలు, అంటే ఈశాన్య రుతుపవనాలు, మొదలైతే టెలిస్కోపు మీది గోపురం తెరవడమే కుదరదు. లోపం పట్టుకోవాలంటే లోపం కనిపించాలి, అది కనిపించాలంటే ఆకాశం కనిపించాలి.

మొదట నేలను అనుమానించాను. మాది నల్లరేగడి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత పగుళ్లు ఇస్తుంది. టెలిస్కోపు నిలిచిన కాంక్రీటు దిమ్మె ఒరిగిందేమోనని రెండు రోజులు ఉదయం, సాయంత్రం రసమట్టంతో కొలిచాను. వెంట్రుకవాసి కూడా కదలలేదు. తర్వాత కరెంటు. ఆ వారం కుదుపు "తొమ్మిది ప్రాంతంలో" వస్తున్నదని నేనే నా పుస్తకంలో రాసుకున్నాను. ఆ వేళకు పక్క ఊళ్లో పవర్‌లూములు ఆపుతారు, వోల్టేజి ఎగురుతుంది. మొత్తం వ్యవస్థను బ్యాటరీ మీద నడిపించాను. కుదుపు తప్పకుండా వచ్చింది.

నాలుగు రోజులు గడిచిపోయాయి. ఐదో రోజు నా పుస్తకం మూసేసి, డాక్టర్ వసంతి ఫైళ్లలో కెమెరా తనంతట తానే వేసిన సమయాలు చూశాను. నేను తొమ్మిది ప్రాంతం అని గుండ్రంగా రాసినవి నిజానికి తొమ్మిదీ పది, తొమ్మిదీ ఆరు, తొమ్మిదీ రెండు. రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు. నక్షత్రం రోజుకు నాలుగు నిమిషాలు ముందు ఉదయిస్తుందని మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసు. అంటే లోపం గడియారాన్ని అనుసరించడం లేదు, ఆకాశాన్ని అనుసరిస్తున్నది. మరో రెండు నక్షత్రాల ఫైళ్లు తీసి, గడియారం సమయం వదిలేసి, నడినెత్తి రేఖ దాటి ఎంత పడమటికి వెళ్లాక కుదుపు వచ్చిందో లెక్కవేశాను. అన్నిటికీ ఒకటే జవాబు, పడమటికి రెండు గంటల కోణం, అంటే నడినెత్తి దాటాక రెండు గంటల్లో నక్షత్రం జరిగేంత దూరం. ఇరుసు ఆ ఒక్క స్థానానికి వచ్చినప్పుడే కుదుపు వస్తున్నది.

ఇది వర్మ్ బిగింపు తప్పు కాదు. వర్మ్ ఎనిమిది నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది, దాని తప్పు ప్రతి ఎనిమిది నిమిషాలకూ కనిపించి తీరాలి. కానీ పెద్ద చక్రంలో ఒక పన్ను దెబ్బతిన్నా ఇలాగే ఒకేచోట కుదుపు వస్తుంది, గ్రీజు పెట్టేటప్పుడు పన్ను దెబ్బతినడం అసాధ్యమేమీ కాదు. కాబట్టి పెరుమాళ్సామి ఇంకా అనుమానం నుంచి బయటపడలేదు. ఇద్దరం కలిసి ఆ భాగంలోని పళ్లన్నీ భూతద్దంతో చూశాం. అతను నాకన్నా శ్రద్ధగా చూశాడు, తప్పు దొరికితే అది తన తప్పేనని తెలిసి కూడా. పళ్లన్నీ చక్కగా ఉన్నాయి.

మిగిలింది ఎన్‌కోడర్. దాని రీడింగ్ హెడ్ మీద ఒక చిన్న దీపం ఉంటుంది. గీతలు స్పష్టంగా కనిపిస్తే ఆకుపచ్చ, కనిపించకపోతే ఎరుపు. ఏడో రోజు మధ్యాహ్నం మోటారు విడదీసి, పెరుమాళ్సామి టెలిస్కోపు ట్యూబును చేత్తో మెల్లగా పడమటికి తిప్పుతుంటే నేను ఆ దీపం మీదే కళ్లు పెట్టి కూర్చున్నాను. చాలాసేపు ఆకుపచ్చ. రెండు గంటల కోణం దగ్గర ఒక్క క్షణం ఎరుపు.

వెనక్కి తిప్పమన్నాను. మళ్లీ ఎరుపు. డ్రమ్ము మూతంతా విప్పి టేపు మీద ఆ చోట దీపం వేసి చూస్తే, చిటికెన వేలి గోరంత మచ్చ. ఎండిపోయిన గంధం, మధ్యలో కుంకుమ.

"బొట్టు," అన్నాను. పెరుమాళ్సామి ఒకసారి వంగి చూసి, నిటారుగా లేచి, గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడవడానికి చేతుల మీద ఏమీ లేదు. ఇది ఎవరు పెట్టారని అడిగితే తెలియదన్నాడు. అతను నాతో అబద్ధమాడటం అదే మొదటిసారి.

డ్రమ్ము మూతకు అరచేయంత కిటికీ ఉంది. మూతంతా విప్పకుండా టేపు మీద వేలు పెట్టాలంటే అదొక్కటే దారి. మచ్చ ఆ కిటికీకి ఎదురుగా రావాలంటే ట్యూబు ఏ భంగిమలో ఉండాలో తిప్పి చూశాను. తూర్పు వైపుకు, నేలకు సమాంతరంగా, పూర్తిగా పడుకోబెట్టినట్టు వచ్చింది. టెలిస్కోపును మేము ఆ భంగిమలో ఏడాదికి ఒకేసారి ఉంచుతాం, ఆయుధపూజ నాడు, మూతికి పూలదండ వేయడానికి అందాలని. గ్రీజు పని సరిచూడటానికి ముందురోజు ఆ కిటికీ మూత తీసింది నేను. పూజ అయ్యాక చూసుకుందామని తెరిచి వదిలేసింది కూడా నేనే. మిల్లుల్లో, వర్క్‌షాపుల్లో ఒక మర్యాద ఉంది. ఎవరి పనిముట్టుకు వాళ్లు బొట్టు పెట్టుకుంటారు. పెద్ద యంత్రానికి మాత్రం మొదటి బొట్టు అధికారిది.

"పెరుమాళ్సామీ, నేను పెడితినా?"

అతను గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీరు దా సార్ పెట్టితిరి. ప్రిన్సిపాల్ సారుతో మాట్లాడతా పెట్టితిరి. నేను తట్ట పట్టుకోని పక్కన దా ఉంటిని."

"ఇందాక ఏంటికి తెల్దంటివి?"

"చెప్తే అది మీ మింద పడును కదా సార్," అన్నాడు. "నా పేరు ఎట్లాగూ చెడిపోయింది. ఇద్దరిదీ ఏంటికి?"

ఆ టేపును వేలితో ముట్టకూడదని చేరిన వారంలోనే గోడ మీద కాగితం అంటించింది నేను. మెరిసే లోహం కనిపించింది, యంత్రానికి ఇదే ముఖ్యమైన చోటు అనిపించి ఉంటుంది, మాటల్లో పడి చెయ్యి పెట్టేశాను. పెట్టినట్టు జ్ఞాపకం కూడా లేదు. చేతులు అలవాటు మీద చేసే పనిని మెదడు నమోదు చేసుకోదు.

స్పిరిట్‌లో తడిపిన నూగు లేని గుడ్డతో టేపు తుడవడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రం ఆకాశం సగమే తెరిపి ఇచ్చింది, అయినా నక్షత్రం రెండు గంటల కోణం దాటేదాకా దొరికింది. డాక్టర్ వసంతి గ్రాఫులో గుంట లేదు. పాత గుంటలు ఎక్కడెక్కడ వచ్చాయో తెలిసింది కనుక ఆ భాగాలు తీసేసి మిగతా కొలతలు వాడుకోవచ్చని చెప్పి, ఒక్క థాంక్స్‌తో వెళ్లిపోయింది. ఆమె నుంచి అది ఎక్కువే.

రెండో నివేదిక నాలుగు పేజీలు వచ్చింది. కొలతలు, గ్రాఫులు, టేపు ఫోటో పెట్టి, బొట్టు పెట్టింది నేనేనని, కిటికీ తెరిచి వదిలింది నేనేనని, మొదటి నివేదికలోని వాక్యం ఏ కొలతా లేకుండా రాసినదని రాశాను. ప్రిన్సిపాల్ చదివి, ఒక మార్పు సూచించారు. పేరు వద్దు, "పూజ సమయంలో పొరపాటున మచ్చ పడింది" అని రాస్తే సరిపోతుందన్నారు. నా మేలు కోరే అన్నారు. కానీ పూజలో యంత్రాలకు బొట్లు పెడుతూ తిరిగింది మేమిద్దరమే. నా పేరు తీసేస్తే చదివేవాళ్లు ఎవరి పేరు వేసుకుంటారో నాకు తెలుసు. మార్చనని చెప్పాను. అలాగే ఇవ్వండి అన్నారు, కాస్త విసుగ్గా.

కమిటీ నెలాఖరుకు ఒక రోజు ముందు కూర్చుంది. పెరుమాళ్సామి కాంట్రాక్టు పొడిగించారు. నాకు నిర్లక్ష్యానికి మందలింపు లేఖ వచ్చింది, అది నా సర్వీసు ఫైలులో చివరిదాకా ఉంది. విరమణ నాడు గుమాస్తా అది తీసేయనా అని అడిగితే వద్దన్నాను.

ఈ ఉదంతం తర్వాత నిర్వహణ పుస్తకంలో రెండు నియమాలు చేర్చాను. ఒకటి, సమయాన్ని గుండ్రం చేసి రాయకూడదు. రెండు, యంత్రాన్ని ఏ కారణంతో ముట్టినా, అది పూజే అయినా, ముట్టినవాడు తన పేరు రాయాలి. పెరుమాళ్సామి ఆ నియమం చదివి, దేవుడి పనికి కూడా సంతకమా సార్ అని అడిగాడు. అవునన్నాను.

లోపం వెతికేవాడు అనుమానితుల జాబితా రాస్తాడు. మా వృత్తిలో అది తప్పదు. నేను అన్ని సంవత్సరాలు రాసిన జాబితాల్లో నేల, కరెంటు, గేరు, మెకానిక్ ఉండేవి. రాస్తున్నవాడి పేరు ఒక్కసారి కూడా లేదు. ఉండి ఉంటే ఇది ఏడు రోజుల పని కాదు, ఒక మనిషి ఇంట్లో చెప్పుకోలేని మాటను పదకొండు రోజులు మోయాల్సి వచ్చేదీ కాదు.