నూట పదిహేడో నంబరు సొలొమోను

మా బావ ఏలియా పోయి ఎనిమిది నెలలైంది. సమాధి దగ్గర మాట్లాడిన వాళ్ళందరూ ఆయన ముప్పై ఆరేళ్ళు ఒక్క మచ్చ లేకుండా రైల్వే ఉద్యోగం చేశాడని పొగిడారు. అది నిజం కాదు. ఒక మచ్చ ఉంది. దాన్ని ఆయన అడిగి మరీ వేయించుకున్నాడు. ఆ సంగతి తెలిసిన మా అక్క సూసన్న ఏడుస్తూ కూర్చుంది. నేనూ లేచి చెప్పలేదు. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన పనిచేసిన ఆఫీసు పేరు చెప్పను. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఆఫీసులకి కొదవ లేదు కాబట్టి వెతికినా దొరకదు. దాని కింద ఐదు షాపులుండేవి. షాపంటే సరుకులమ్మే కొట్టు కాదు. కమ్మరం, పోత, వడ్రంగం, యంత్రాలు, రంగులు, ఇలా ఒక్కో పనికి ఒక్కో పెద్ద షెడ్డు. షాపు కింద సెక్షన్లు, సెక్షను కింద గ్యాంగులు, గ్యాంగులో మనుషులు. ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. ఆ నంబర్లు ప్రతి షాపులోనూ ఒకటి నుంచే మొదలయ్యేవి. అందుచేత మొత్తం మీద నూట పదిహేడులు ఐదుగురుండేవారు. ఖరిదా బజారులో చేపలు బేరమాడుతూ ఎవరైనా "మన నూట పదిహేడు" అంటే పక్కవాడు వెంటనే "ఏ షాపు?" అనేవాడు. ఊరందరికీ అలవాటైన ప్రశ్న అది.

మా బావ సిబ్బంది విభాగంలో హెడ్ క్లర్కు. ఆయనకి ప్రపంచంలో అన్నిటికంటే నమ్మకమైనది ప్రాపర్ ఛానల్. ఏ కాగితమైనా కింద నుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ప్రతి మెట్టు దగ్గరా సంతకం పెట్టించుకుంటూ పైకి పోవాలి. ఇంట్లో కూడా అంతే. పిల్లలకి సినిమాకి వెళ్ళాలనుంటే ముందు మా అక్కకి చెప్పాలి. మా అక్క "నా అభ్యంతరం లేదు" అంటూ ఆయనకి చెప్పాలి. అప్పుడు ఆయన ఆలోచించేవాడు. ఈలోగా హాల్లో సినిమా మారిపోయేది. ప్రార్థన కూడా పాస్టరుగారి ద్వారా పంపితేనే తొందరగా చేరుతుందని ఆయన గట్టి అభిప్రాయం.

తొంభైలో ఆఫీసుకి కంప్యూటరు వచ్చింది. దానికి ఏసీ గది కట్టారు. గది బయట చెప్పులు విప్పాలని బోర్డు పెట్టారు. బెంగాలీ గుమాస్తాలు దానికి సిందూరం బొట్టు పెట్టారు, మా వాళ్ళు పాస్టరుగారి చేత ప్రార్థన చేయించారు, కొబ్బరికాయ ఎవరు కొట్టారో తెలియదు. ఆ తరవాత దాన్ని ముట్టుకోవడానికి ఎవరూ ముందుకి రాలేదు. రెండు వారాల ట్రైనింగుకి మా బావని పంపారు. మిగతావాళ్ళందరికీ ఆ రెండు వారాలూ కడుపునొప్పి వచ్చింది మరి.

ఆయన తిరిగొచ్చి రెండేళ్ళపాటు పద్నాలుగు వందల ఎనభై ఆరు మంది సర్వీసు వివరాలు రెండు వేళ్ళతో టైపు చేశాడు. ఇప్పుడు ఫోల్డర్లంటున్నవాటిని అప్పట్లో డైరెక్టరీలనేవారు. ఆయన వాటిని ఆఫీసు ఎలా ఉందో అలాగే అమర్చాడు. పైన ఆఫీసు, లోపల షాపు, షాపు లోపల సెక్షను, సెక్షను లోపల గ్యాంగు. గ్యాంగు లోపల మనిషికో ఫైలు. ఫైలు పేరు ఆ మనిషి బిళ్ళ నంబరు. టైపైపోయిన కాగితాల మూటలు గోదాములోకి వెళ్ళాయి. తొంభై రెండు వానల్లో కప్పు కారి, ఆ తరవాత చెదలు పట్టి, గోదాము తన వంతు పని తాను చేసింది.

అదే ఏడు అక్టోబరులో పోత షాపులో నూట పదిహేడో నంబరు సొలొమోను గుండె ఆగి పోయాడు. డ్యూటీలో ఉన్నవాడు పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగమిస్తారు. ఆయన భార్య ఎస్తేరమ్మ, కూతురు దేవమణి కొత్తవాళ్ళేమీ కాదు. మా అక్కవాళ్ళ గోడకవతల క్వార్టరే వాళ్ళది. దేవమణికి ఇరవై ఏళ్ళు. ఆ ఉద్యోగం వస్తే క్వార్టరు నిలుస్తుంది, రాకపోతే సామాను రోడ్డు మీదికి. తొంభై మూడు సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన ఆ ఉద్యోగం సంగతి తేల్చే కమిటీ. దానికి సొలొమోను సర్వీసు వివరాలు కావాలి. కంప్యూటరు నుంచి తీసిన కాగితమే కావాలి. చేత్తో రాసినది చెల్లదని కొత్త ఉత్తర్వు.

ఆ ఉత్తర్వు ఇచ్చినవాడు కొత్తగా వచ్చిన ఆఫీసరు లక్ష్మీపతిగారు. గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. ఒకరోజు ఆయన మా బావ వెనక నిలబడి ఒక ఫైలు తెరవడం చూశాడు.

"ఏలియాగారూ, ఒక మనిషిని చూడాలంటే ఇన్ని తలుపులు తియ్యాలా? అందరినీ తెచ్చి ఒక్కచోట పడెయ్యండి. ఒకే లిస్టు. పై నుంచి ఇన్‌స్పెక్షన్ వస్తోంది. విశ్వకర్మ పూజలోగా అయిపోవాలి."

"గ్యాంగులో మనిసి తిన్నగా తవఁరి దగ్గరికి ఎలాగొస్తాడు సార్? మద్దిన సెక్షనుంది, షాపుంది."

"ఫైళ్ళండీ. మనుషులు కాదు."

"ఫైళ్ళకే గదా సార్ ఛానలు."

డెబ్భై ఎనిమిది గ్యాంగుల్లోంచి ఫైళ్ళు ఒక్కొక్కటిగా తేవడం పూజలోగా అయ్యే పని కాదు. ట్రైనింగులో చెప్పిన చిట్కా ఒకటి ఆయనకి గుర్తొచ్చింది. ఆజ్ఞలన్నీ వరసగా ఒక ఫైల్లో రాసి దాని పేరు కొడితే, కంప్యూటరు తనంతట తనే ఆ వరసలన్నీ చేసుకుపోతుంది. మా బావ నాలుగు సాయంత్రాలు వంటింటి బల్ల మీద ఆ వరసలు రాశాడు. ఇంకొకరైతే ప్రతి గ్యాంగు నుంచీ నేరుగా పైకి పంపేవారు. ఆయన పంపలేదు. గ్యాంగులోంచి సెక్షనుకి నకలు, కింద ఉన్నది చెరుపు. సెక్షనులోంచి షాపుకి నకలు, కింద ఉన్నది చెరుపు. షాపులోంచి పైకి నకలు, కింద ఉన్నది చెరుపు. ప్రతి మెట్టు దగ్గరా యంత్రం ఆగి, లెక్క సరిచూసుకోమని అడగాలి. మా అక్క టీ తెచ్చి చూసి, "ఎంతుందిది! రామాయణమా?" అంది. "రూలు," అన్నాడాయన.

అన్నిటికంటే పై డైరెక్టరీకి ఆఫీసరుగారి పేరే పెడదామనుకున్నాడు. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు దాటకూడదు కాబట్టి 'సాహెబ్' అని పెట్టాడు.

సెప్టెంబరు పదహారు, గురువారం. చెప్పులు బయట విప్పి, మనసులో ప్రార్థన చేసుకుని, ఆ ఫైలు పేరు కొట్టాడు. గ్యాంగుల నుంచి సెక్షన్లకి చేరాక యంత్రం ఆగింది. లెక్క చూశాడు, పద్నాలుగు వందల ఎనభై ఆరు. సెక్షన్ల నుంచి షాపులకి చేరాక మళ్ళీ చూశాడు. పద్నాలుగు వందల ఎనభై ఆరే. తృప్తిగా ఆఖరి మెట్టుకి అనుమతిచ్చాడు. ఐదు షాపులూ ఒకదాని తరవాత ఒకటి 'సాహెబ్'లోకి వెళ్ళాయి. అక్కడ లెక్క చూడలేదు. ముప్పై ఆరేళ్ళలో ఆఫీసరుగారి బల్ల మీదికి చేరిన కాగితాల్ని ఏ గుమాస్తా తొంగి చూసి లెక్కపెట్టాడు కనక? ఫైలు సాహెబుకి చేరింది, క్లర్కు బాధ్యత తీరింది.

ఆ కంప్యూటరుకి మొహమాటం లేదు, అదే పేరుతో ఇంకో ఫైలొస్తే పాతదాని మీదే రాసేస్తుంది. కమ్మరం నూట పదిహేడు వచ్చి కూర్చున్నాడు. పోత నూట పదిహేడు వచ్చి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఏమైపోయాడని యంత్రం అడగలేదు. రంగుల షాపు జాబితాలో ఆఖరున ఉంది, మనుషుల లెక్కలో అన్నిటికంటే పెద్దది కూడా కాబట్టి చివరికి రంగులవాళ్ళే మిగిలారు.

మర్నాడు విశ్వకర్మ పూజ. ఆ రోజు పనిముట్లకి సెలవు. సుత్తీ, రంపం, కంప్యూటరూ పూలదండలు వేసుకుని ఊరకే ఉన్నాయి. శనివారం అలవాటు ప్రకారం మా బావ పాత ఫ్లాపీల మీదే కొత్త నకలు తీశాడు. ప్రతివారం పదకొండు ఫ్లాపీలు పట్టేవి. ఈసారి నాలుగే పట్టాయి, మిగిలిన ఏడూ తుడిచి ఖాళీ చేశాడు. సర్దిపెడితే ఎంత చోటు కలిసొస్తుందో అని ఆయన మురిసిపోయాడు. లక్ష్మీపతిగారు ఇంకా మురిసిపోయి, రికార్డుల చోటు సగానికి పైగా ఆదా చేశామని పైకి ఉత్తరం రాశారు. పై నుంచి మెచ్చుకుంటూ ఫోను కూడా వచ్చింది.

సోమవారం ఎస్తేరమ్మ, దేవమణి కాగితం కోసం వచ్చారు. మా బావ నూట పదిహేడు తీసి అచ్చు వేయించి, చూడకుండానే ఆఫీసరుగారి ముందు పెట్టాడు. ఆయన చదివాడు.

"మీ ఆయన డ్యూటీకి సరిగా రావడం లేదని ఉందమ్మా. పోయిన నెల పన్నెండు రోజులు గైర్హాజరు."

"రాడు బావూ," అంది ఎస్తేరమ్మ. "పోయినేడు సమాది సేసినాం. ఇంకేటొస్తాడు?"

"కంప్యూటర్లో చనిపోయినట్టు లేదే."

"ఓలమ్మ! బతికున్నాడేటి? అయితే ఇంటికెందుకు రాలేదో కూడా అడగండి దాన్ని. పదకొండు నెలలు గంజి తాగించినాడు మాకు."

మా బావ కాగితం లాక్కుని చూశాడు. పేరు లింగయ్య, రంగుల షాపు. ఆ లింగయ్య ఆ సమయానికి ఇందా పేటలో ఏ టీ బడ్డీ దగ్గరో ఉండి ఉంటాడు. మా బావ వెళ్ళి 'సాహెబ్' తెరిచి మొదటిసారి లెక్కపెట్టాడు. నాలుగు వందల పన్నెండు.

ఆ సాయంత్రం ఆయన భోజనానికి కూర్చోలేదు. "సూసన్నా, వెయ్యీ డెబ్బైనలుగుర్ని సంపీసినాను," అన్నాడు. మా అక్క బెదిరిపోయి నాకు కబురు పెట్టింది.

మర్నాటి నుంచి ఆయన ఎస్తేరమ్మ ట్రంకుపెట్టె ముందు కూర్చున్నాడు. ఉద్యోగంలో చేరిన ఉత్తరం, క్వార్టరు ఇచ్చిన చీటీ, రైల్వే ఆసుపత్రి ఫిట్ కాగితాలు, ఇంక్రిమెంటు చీటీలు, అన్నీ పాత చీరలో మూటకట్టి ఉన్నాయి. మూడు రోజులు వాటిని చూసి మళ్ళీ టైపు చేశాడు. ఆ చీటీలన్నీ నిజమే అయినా వాటికి విలువ లేదు. అవే మాటలు అంచుల్లో కన్నాలున్న పొడుగు కాగితం మీద చరచరమని అచ్చయి వచ్చేసరికి లక్ష్మీపతిగారు కళ్ళకద్దుకుని సంతకం పెట్టబోయారు. కింద ఇంకో కాగితం కనిపించింది.

"ఇదేమిటి?"

"నోటు సార్. ఆఖరి మెట్టులో నేను లెక్క సూడలేదు. నా పొరపాటు వల్ల వెయ్యీ డెబ్బైనాలుగు రికార్డులు పోనాయి."

ఆ నోటు రాయడానికే ఆయనకి ఒక పూట పట్టింది. నమూనా కోసం పాత ఫైళ్ళు ఎన్ని తిరగేసినా దొరకలేదు. ఆ ఆఫీసులో పొరపాట్లు వాటంతటవి జరిగేవి. ఎవరూ చేసేవారు కారు.

"తీసెయ్యండి దీన్ని," అన్నారు లక్ష్మీపతిగారు. "కంప్యూటరు తప్పు చేసిందంటే పై వాళ్ళు ఈ కాగితాన్ని కూడా నమ్మరు. ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది. జనవరిలో రిటైరవుతున్నారు, మీకెందుకండీ?"

"మిగతావోల్లు సార్?"

"వాళ్ళెవరూ అడగలేదుగా."

సంగతి విని గోడకవతల నుంచి ఎస్తేరమ్మ ఆ రాత్రే దులిపేసింది. "ఏటన్నియ్యా! నీ నిజాయితీకి మా గుంట ఉజ్జోగం బలెట్టాలా? ఏసయ్యకి సెప్పుకో, సాల్దా? సాహెబుకి కూడా సెప్పాలా?"

"మీ అన్నయ్య సెప్పుకున్నాడే," అంది మా అక్క. "ఏసయ్య ఛానల్లో సెప్పుకోమన్నాట్ట."

మా బావ నవ్వలేదు. "ఒక ఫైలు పోయినాక ఇంకో ఫైలు. రెండూ ఒకే బండికి కట్టకూడదు," అన్నాడు. నోటు జేబులో పెట్టుకున్నాడు. పన్నెండు రోజులు అది అక్కడే ఉంది. ఆ పన్నెండు రోజులూ ఆయన మా ఎవరి మొహమూ చూడలేదు. జీవితంలో మొదటిసారి ఒక కాగితాన్ని తొక్కిపెట్టాడు.

ఇరవై ఎనిమిదిన కమిటీ కూర్చుంది. కన్నాల కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. ఆమోదించింది. ఉత్తర్వు దేవమణి చేతికి వచ్చింది అక్టోబరు నాలుగున. ఐదో తారీకు ఉదయం మా బావ నోటు ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాడు. ముద్ర పడిన కాగితాన్ని తీసెయ్యడం లక్ష్మీపతిగారి తరం కాలేదు. ఐదు షాపుల వాళ్ళనీ పాత చీటీలు తెమ్మని నోటీసు పెట్టాల్సొచ్చింది. సంచులతో, డబ్బాలతో, దిండు గలీబులతో జనం మెట్ల దాకా వరస కట్టారు. లింగయ్య కూడా వచ్చి నిలబడ్డాడు. తన రికార్డు క్షేమంగా ఉందంటే నమ్మలేదు. అదీ పోయుంటే బాగుండేదని గొణుక్కున్నాడు.

దేవమణి నవంబరులో ఆఫీసు ప్యూనుగా చేరింది. మొదటి రోజు నీలం అంచు చీర కట్టుకుని, నూనె రాసి జడ వేసుకుని, మెడలో వాళ్ళమ్మ శిలువ గొలుసుతో వచ్చింది. ఆఫీసు సూపరింటెండెంటు ఆ పిల్ల చేతిలో ప్యూను పుస్తకం పెట్టి, అందులో ఒక కవరు పెట్టి, ఇచ్చి సంతకం తీసుకురమ్మన్నాడు. కవరు మీద పేరు ఏలియా.

కవరు అంటించి లేదు. హైస్కూలు చదివిన పిల్ల. వరండాలో నిలబడి చదివింది. నిర్లక్ష్యానికి అభిశంసన, సర్వీసు పుస్తకంలో నమోదు, కింద లక్ష్మీపతిగారి సంతకం. ఏసీ గది ముందు చెప్పులు విప్పుకుంది గాని లోపలికి రాలేకపోయింది. కన్నీళ్ళు కారుతున్నాయి.

మా బావ తల ఎత్తకుండా టైపు చేస్తూనే అన్నాడు. "ఏటది? నాకేనా?"

"మావయ్యా, నేనివ్వను. ఇంకెవర్నైనా పంపమంటాను."

"అలాగనకూడదు. ఇవ్వడం నీ డ్యూటీ, పుచ్చుకోవడం నా డ్యూటీ. ఇలా తే."

పుస్తకం తీసుకుని, వరస వెతికి, నిదానంగా సంతకం పెట్టాడు. తిరిగి ఇచ్చాడు. ఆ పిల్ల ముక్కు తుడుచుకుని వెళ్ళబోయింది.

"ఆగు. కింద ఏటి లేదో సూడు."

దేవమణి చూసింది. "ఏటి లేదు?"

"తేదీ. తేదీ ఎయ్యించుకోకండా ఏ కాగితమూ ఇచ్చినట్టు కాదు. ఎవరికిచ్చినా సరే, అడిగి ఎయ్యించుకో." పెన్ను మళ్ళీ తీసి తేదీ వేశాడు. "ఊఁ, ఎల్లు. సంతకం కోసం సూపరింటెండెంటు సూస్తుంటాడు."