సముద్రం వైపు గోడ

మొన్న మా కోడలు ఫోనులో ఏటి ఒడ్డు కోట చూపించింది. చుట్టూ పసుపు రంగు వేశారట, టిక్కెట్టు కూడా పెట్టారట. నేను చెబుతుంటే ఆమే రాస్తోంది, నాకు సంతకం వరకే వచ్చు. కానీ ఆ కోటకు ఒక పక్క సున్నం వేసిన చెయ్యి మాత్రం నాదే.

కోటంటే ఎంతో అనుకోకండి. బారువ ఊరికి అవతల, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నాలుగు గదులు, ఒక మేడ, అంతే. మా మగవాళ్లు చేపల వేట నుంచి తిరిగొచ్చేటప్పుడు, వెనక సరుగుడు తోట నల్లగా, ముందు కోట గోడ తెల్లగా కనిపిస్తే దాన్నే గురి పెట్టుకుని మొగలోకి పడవ తిప్పేవారు. జమీందారు వారసులు పట్నం పోయాక సున్నం వేసే దిక్కులేక, గోడ పాచిపట్టి తోట నలుపులో కలిసిపోయింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ముసురు రోజున మా ఆయన మొగ తప్పి పడవను ఇసుక తిప్పకు కొట్టాడు. వలలు పోయాయి, మనిషి ఈదుకుని వచ్చాడు. మరోసారి మనిషి కూడా రాకపోతే ఏమిటని నాకు అన్నం దిగలేదు.

పడవ బాగుచేసుకుని ఆయన మళ్లీ వేటకు వెళ్లిన పొద్దున్నే, నేనూ మా తోటికోడలూ గుల్లసున్నం కుండలతో కోటకు పోయాం. కాపలా ముసలాయన అడ్డంగా నిలబడ్డాడు.

"ఏటే, ఒక్క పక్కే ఏత్తారా? దొరగారొచ్చి సూత్తే నన్నేటంతారు?"

"దొరగార్ని ఓపాలి పడవెక్కమను మావా, అక్కణ్నించి సూత్తే బాగానే ఉంటాది," అంది మా తోటికోడలు. ఆయన నవ్వేసి, నిచ్చెన కూడా తెచ్చిచ్చాడు.

నిచ్చెన అందినంత కింద నుంచి, మిగతాది మేడ మీద నుంచి వంగి, వెదురుకు కట్టిన పీచు కుంచెతో వేశాం. బుద్ధెరిగాక కోట లోపలికి వెళ్లడం అదే మొదలు. సింహాసనం ఉంటుందనుకుంటే గబ్బిలాల కంపు. కానీ మేడ మీద నుంచి కనిపించింది నేను రోజూ చూసే సముద్రం కాదు. అంత నీళ్లలో మా ఆయన పడవ ఏదో పోల్చుకోలేక చెయ్యి ఆగిపోయింది. ఆ తర్వాత ఇంకా గట్టిగా రుద్దాను.

సాయంత్రం ముసురు పట్టినా పడవ తిన్నగా మొగలోకి వచ్చింది. దిగుతూనే ఆయన, "కిటికీ కింద వొగ్గేసినారేటే? సముద్రంలోకి నల్లగా అవుపడతంది, ఎవులేసినారక్కడ?" అన్నాడు.

అక్కడ వేసింది నేనే, కాస్త వదిలేసిందీ నేనే. నా జన్మలో అంత తియ్యటి మాట మళ్లీ వినలేదు.

ఇప్పుడు పడవల్లో దారి చూపే మిషన్లు ఉన్నాయి. మంచిదే, వద్దనను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఒడ్డున నేను ఏ పని చేసినా, సముద్రంలోంచి చూసి వంక పెట్టేవాళ్లే లేరు.